ఇనుప కడియాల గోడ

ఫొటోలో తమ్ముడి నున్నటి గుండు కనపడగానే ఎదెల్మిరా గుండెల్లో రాయి పడింది, ఎందుకంటే ఆ గుండు ఈ లోకంలో ఉన్నది ఒక్క పూటే, ఆ పూట వాడి మొహమే చూడలేదని ముప్పై ఏళ్లుగా చెబుతూ వచ్చిన తన మొగుడు ఫిదెన్సియో ఆ ఫొటోలో వాడి భుజం మీద చెయ్యేసి నవ్వుతున్నాడు.

ఫొటో అద్దంలో తన మొహమే అడ్డం వస్తోంది. పక్కకి జరిగి చూసింది. అదే గుండు. ఎడమ చెవి పైన తెల్లటి చుక్క. అది ఫొటోకి పట్టిన మచ్చ కాదు, తానే కత్తి జారించి గాటు పెట్టి, నెత్తురు ఆగడానికి అంటించిన సిగరెట్ కాగితం ముక్క. "కసాయిదానా, చెవి తెగ్గోశావు కదే అక్కా!" అని వాడు పెట్టిన కేక ఆ చుక్కలోంచి ఇప్పుడే వస్తున్నట్టుంది. వెనక కోట గోడకి ఓడల్ని కట్టేసే పాతకాలపు ఇనుప కడియాలు, ఒక్కొక్కటి బండి చక్రమంత. తమ్ముడు ఎలీహియో తడి ఒంటితో, నోట్లో నాణేలు పెట్టుకుని బుగ్గ ఉబ్బించుకుని ఉన్నాడు. ఫిదెన్సియోది పొడి చొక్కా. అతని కుడిచేతిలో గుప్పెడంత రాయి.

"మీ ఆయనే కదూ దోన్యా ఎదెల్మిరా?" కోటలో ఫొటోల హాలుకి కాపలా ఉండే యురీదియా పక్కకొచ్చి నిలబడింది. "నేనడిగితే నేను కాదు పొమ్మంటాడు! ఆ పళ్ల సందు ఇంకెవరికుంటుందండీ ఈ ఊళ్లో? ముసలాయనకి సిగ్గు."

"ఎప్పుడడిగావు?"

"ఫొటోలు తగిలించిన రోజే. చూసి గబగబా వెళ్లిపోయాడు. అసలు ఆయనకి ఆ కడియాల గోడంటేనే పడదు లెండి. కోట చూడొచ్చిన జనాన్ని మలుపు దాకా తీసుకుపోయి, మీరు చూసి రండి, నా మోకాళ్లు రావు అంటాడు. బురుజు మెట్లు మాత్రం మేకపోతులా ఎక్కుతాడు!" నవ్వింది. "పక్కన గుండాయన ఎవరు?"

"మా తమ్ముడు."

"అయ్యో, ఏం కళగా ఉన్నాడండీ! ఎక్కడున్నాడిప్పుడు?"

ఎదెల్మిరా బయటికి నడిచింది. పెద్ద ముంగిట్లో, తుప్పు పట్టిన లంగరు పక్కన రాతి అరుగు మీద కూర్చుంది. చివరి గుంపుని తిప్పుకుని ఫిదెన్సియో ఇటే రావాలి, కోటకి వేరే దారి లేదు. రానీ. వస్తే ఏమడగాలి? అడిగితే ఏం మిగులుతుంది? ఈ వయసులో ఇల్లు అంటే ఆ మనిషే. పొద్దున చొక్కా గుండీలు ఆమె పెట్టాలి, రాత్రి ఆమె కాళ్లకి నూనె అతను రాయాలి. అడగకుండా లేచి, పడవెక్కి రేవు దాటి, చేపలు వేయించి, కంచం ముందు పెట్టొచ్చు. తినొచ్చు కూడా. ఎందుకు తినకూడదు, ఇన్నేళ్లూ తిన్లేదా? గడియ లేని కిటికీలా నోరు తెరుచుకునే ఉండిపోయిందని ఆమెకే తెలిసి, గట్టిగా మూసుకుంది.

తమ్ముడు ఎలీ పోయాక ఈ కోటలో అడుగు పెట్టడం ఇదే మొదలు. ఇక్కడే గైడుగా మొగుడి జుట్టు నెరిసింది, కొడుకు బడివాళ్లతో వచ్చి చూసిపోయాడు, తాముండే వాకా పేట ఆడవాళ్లు ఆదివారాలు టికెట్టు లేకుండా వచ్చి చల్లగాలికి కూర్చుని పోతారు. ఆమె మాత్రం వెరాక్రూజ్ రేవు కట్ట మీద నిలబడి, నీళ్లకి అవతల బూడిదరంగు ఉలువా కోటని చూసి శిలువ గుర్తు వేసుకుని వెనక్కి తిరిగేది. ఇవాళ చేపల బజారులో పక్క కొట్టు సోలెదాద్ చెప్పింది, కోటలో పాత ఫొటోలు పెట్టారే, మీ ఎలీ ఉన్నాడే, గుండుతో ఎంత బాగున్నాడో అని. గుండుతో అన్న మాట విని కూడా బుర్ర వెలగలేదు. ఇంట్లో వాడివి రెండే ఫొటోలు, రెండింట్లోనూ మొహం సరిగా పడలేదు. ఇంకోసారి వాడి మొహం చూస్తానన్న ఆశ పరిగెత్తించింది, అంతే. వారం నుంచి ఫిదెన్సియో అంటూనే ఉన్నాడు, ఉత్తరగాలి పడేట్టుందే ముసలీ, ఇల్లు కదలకు అని. గాలి సంగతి చేపలమ్మేదానికి తెలీదా? వారం నుంచి తిండి కూడా సరిగా తినడం లేదు. పన్ను నొప్పన్నాడు. లవంగం నూనె దూదితో తనే పెట్టింది ఆ పంటికి, ఆ నోట్లో, వేళ్లతో.

నేల కింది ఖైదు కొట్లలోంచి అతని గొంతు వస్తోంది. గాలి కోసం వదిలిన కంతల్లోంచి రావడంతో మనిషిది కాదు, గోడదే ఆ గొంతు అన్నట్టుంది. "ఇందులో పడ్డవాడికి పగలూ రాత్రీ ఒకటేనమ్మా. అదిగో, పైనుంచి ఆ నీటిబొట్టు, అదే వాడి గడియారం, అదే వాడి చుట్టం. మీలో ఎవరైనా అత్తగారిని తెచ్చుకునుంటే ఇక్కడే వదిలేసి పోవచ్చు, మేం ఏమీ అనుకోం!" గుంపు గొల్లుమంది. ఈ హాస్యాలన్నీ వంటింట్లో ఆమె మీద ప్రయోగించి చూసుకున్నవే. నవ్వు అణిగాక ఎప్పుడూ ఒక మాట అంటాడు, ఇప్పుడూ అన్నాడు. "కాస్సేపు ఎవరూ మాట్లాడకండి. ఈ రాళ్లు వింటాయి." సముద్రంలోంచి కోసి తెచ్చిన పగడపు రాళ్లు, మెదడు ముడతల్లా గీతలు పడ్డవి. ఒకప్పుడు ప్రాణమున్నవే. వీటికి వినపడే ఉంటుంది. వీటికి అంతా తెలిసే ఉంటుంది, ఆమెకే తెలీదు.

ఠంగ్.

సముద్రం వైపు నుంచి. ఎవరో కడియాన్ని ఎత్తి వదిలారు, లేదా రాయితో కొట్టారు. చూడ్డానికి వచ్చినవాళ్లు ఊరుకోరు, కొట్టి చూస్తారు. మళ్లీ, ఠంగ్. కొట్లలో ఫిదెన్సియో గొంతు మాట మధ్యలో తెగింది. దారం పట్టి లాగినట్టు తెగి, కాస్త ఆగి, మళ్లీ అతుక్కుంది. ఇంతకు ముందెక్కడ విన్నదీ తెగడం? కాఫీ హోటల్లో. పెళ్లయిన కొత్తలో. ఈ ఊళ్లో నల్ల కాఫీ గ్లాసు అడుగున పోసి పెడితే, చెంచాతో గ్లాసుని టింగు టింగుమని కొట్టాలి, అప్పుడు కెటిలు పట్టుకున్నవాడు వచ్చి ఎత్తునుంచి వేడి పాలు పోస్తాడు. నోటితో పిలవడం మర్యాద కాదు, కొట్టాల్సిందే. పసిపిల్ల కూడా కొడుతుంది. ఫిదెన్సియో కొట్టడు. పాలు పడవంటాడు. "గ్లాసు కొట్టనివాడు వెరాక్రూజ్ వాడెట్లా అవుతాడ్రా, నిన్ను కొండల్లోంచి ఎత్తుకొచ్చారా?" అని మేనమామ ఏడిపించాడు పెళ్లి మర్నాడు. ఆమే నవ్వుతూ చెంచా తీసుకుని అతని గ్లాసు కొట్టింది, టింగ్ టింగ్ టింగ్. అతను లేచి వెళ్లిపోయాడు. అందరి ముందూ. రేవు కట్ట మీద పట్టుకుంటే చేతులు చేప పొట్టలా చల్లగా ఉన్నాయి. తలనొప్పి అన్నాడు. తలనొప్పి, పన్ను నొప్పి, మోకాళ్లు. ఈ మనిషికి ఒంట్లో ఎన్ని అవయవాలున్నాయో అన్ని అబద్ధాలున్నాయి.

రాయి. చేతిలో రాయి ఎందుకు? తెలిసీ తనని తానే అడుగుతోంది, జవాబు ఆలస్యమైతే అంతసేపు బతకొచ్చని. పీతమాంసం కూరిన పఫ్‌ల బుట్ట నెత్తిన పెట్టుకుని రేవు కట్టంతా తిరిగిన పిల్లకి తెలీదా, నాణేల ఈతగాళ్ల పని ఎట్లా సాగుతుందో? ఇద్దరిద్దరుగా చేస్తారు. చూడొచ్చినవాళ్లు నాణెం విసిరితే ఒకడు దూకుతాడు, మట్టిలో పడకముందే అందుకుని బుగ్గన పెట్టుకుంటాడు. రెండోవాడు ఒడ్డున రాయి పట్టుకుని కూర్చుంటాడు. మర పడవ వస్తుంటే ఇనుము మీద కొట్టాలి, నిచ్చెన మీదో, గుంజ మీదో, కడియం మీదో. అరిస్తే నీళ్ల కింద వినపడదు, ఇనుము మోత మాత్రం ఎంత లోతునున్నా చెవిలో కొట్టినట్టుంటుంది. మోత వింటే కిందివాడు పైకి రాడు, పడవ దాటేదాకా గోడని కరుచుకుని ఉంటాడు. మోత లేకపోతే దారి ఖాళీ అని అర్థం. లేస్తాడు. రాయి పట్టినవాడు తోడబుట్టినవాడి కంటే ఎక్కువ అనేవాళ్లు. ఫిదెన్సియోకి ఈత అంతంత మాత్రం. ఎప్పుడూ రాయే పట్టేవాడు. ఎప్పుడూ ఎలీతోనే. ఆ ఒక్కరోజు తప్ప అని చెప్పాడు. ఆ రోజు అమ్మకి జ్వరమని ఇంట్లోనే ఉన్నానన్నాడు. మీ అమ్మకి జ్వరం ఎట్లా ఉంది అని ఎవరూ ఎందుకు అడగలేదు? ఎవరు అడుగుతారు, కార్నివాల్ ఆఖరి రోజున.

ఆఖరి రోజున హువాన్ కార్నవాల్‌ని, అంటే ఆ పండగనే, పాతిపెట్టాలి. ఉత్తుత్తి శవం, ఉత్తుత్తి శవపేటిక, మగాళ్లే నల్ల లంగాలు కట్టి, ముసుగులు వేసి, మొగుడు పోయిన పెళ్లాల్లా పొర్లి పొర్లి ఏడవడం. శవం రాసిన వీలునామా అని ఊరందరినీ తిడుతూ చదవడం. ఆ ఏడు వాకా పేట వాళ్లు తమ బట్టతల ఇంటాయన్నే శవం చేద్దామనుకున్నారు. చెక్క ఇళ్లు కారుతుంటే బాగు చెయ్యకుండా అద్దెకి మాత్రం ముందొచ్చే మనిషి. శవం వేషం ఎలీది. అందుకే గుండు. పొద్దున్నే వాకిట్లో ముక్కాలి పీట మీద కూర్చోబెట్టి, నాన్న కత్తితో, బట్టల సబ్బు నురగతో, తనే గీసింది. నెత్తి ఎంత తెల్లగా వచ్చిందో, మొహం నల్లగా, పైన గుడ్డులా. వాడు అద్దం చూసుకుని, "అద్దె కట్టండ్రా!" అని ఇంటాయన గొంతుతో అరిస్తే ఇళ్లన్నీ పగలబడి నవ్వాయి. ఇప్పుడే వస్తానక్కా అని పోయాడు. ఆ మాటలకి అర్థం అప్పుడుంది.

సాయంత్రానికి శవం రాలేదు. ఎవరూ వెతకలేదు. ఎందుకు వెతుకుతారు, శవం పారిపోవడం కంటే పెద్ద హాస్యం ఏముంది? "అద్దె బాకీకి భయపడి శవం పరారు!" అని పేటంతా కేకలు. ఎలీ ఎక్కడో మిద్దె మీద దాక్కుని చూస్తుంటాడు, పాతిపెట్టే వేళకి ఊడిపడతాడు అని అందరి లెక్క. ఆమె లెక్కా అదే. లాగూ చొక్కాలో గడ్డి కూరి, తల స్థానంలో పుచ్చకాయ పెట్టారు. ఆ పుచ్చకాయకి ఎలీ అని పేరు పెట్టి ఆమె కూడా ఏడ్చింది, నవ్వు ఆపుకోలేక ఏడ్చింది, పొట్ట పట్టుకుని. అదే వేళకి వాడు నీళ్లలో ఉన్నాడు. ఈ మాట ముప్పై ఏళ్లుగా రాత్రుళ్లు ఆమె పక్కలో పడుకుంటోంది. నా తమ్ముడు నీళ్లలో ఉన్నప్పుడు నేను పుచ్చకాయ మీద పడి ఏడ్చాను.

ఆలస్యంగా ఒక విధవ వచ్చింది. నల్ల ముసుగు కింద జుట్టు తడిగా. ఫిదెన్సియో. వచ్చి పేటిక మీద పడి ఏడవడం మొదలుపెట్టాడు, మిగతా విధవలంతా ఆగిపోయి చూశారు. చీమిడి, వెక్కిళ్లు, గోళ్లతో చెక్కని గీకడం. "ఒరేయ్, ఏం ఏడుస్తున్నాడ్రా వీడు! నిజం పెళ్లాం కూడా ఇట్లా ఏడవదు!" అని చప్పట్లు. ఆ ఏడు ఏడుపు బహుమానం వాడికే ఇచ్చారు. ఎదెల్మిరా అతన్ని అప్పటిదాకా తమ్ముడి నేస్తంగా తప్ప చూడలేదు. ఆ సాయంత్రం చూసింది. మగాడు ఇంతలా ఏడవగలడా, ఏడుపులో ఇంత మెత్తదనం ఉన్నవాడు ఎవరినైనా ఎంత బాగా చూసుకుంటాడో అనుకుంది. ఆ తడి జుట్టుకే పడిపోయింది. తడి జుట్టు! అమ్మ జ్వరానికి కొడుకు జుట్టు ఎందుకు తడుస్తుంది?

రాత్రి ఉత్తరగాలి పడింది. పేట రేకులన్నీ లేచాయి. గాలి తగ్గాక అలల్ని ఆపే కట్ట రాళ్ల మధ్య ఎలీ దొరికాడు. మొహం గుర్తుపట్టనివ్వలేదు రాళ్లు, గుండుని బట్టి గుర్తుపట్టారు. తాగి ఈదాడు, గాలి కొట్టింది అన్నారు. నెత్తి మీద ఆ పొడుగాటి గాట్లు రాళ్లవే అన్నారు. నిజం పేటిక మోసినవాళ్లలో ముందు ఫిదెన్సియో. ఈసారి కంట చుక్క లేదు. ఏడుపు అయిపోయింది పాపం, లోపలే కుమిలిపోతున్నాడు అనుకుంది. ఏడాది నల్ల బట్టలు కట్టి, తీసేసిన వారానికే అతన్ని చేసుకుంది. కొడుకు పుడితే ఎలీహియో అని పెడదామంది, ఒప్పుకోలేదు. పోయినవాడి పేరు పిల్లాడికి బరువన్నాడు. మూడు రోజులు మాట్లాడుకోలేదు. చివరికి ఆమే తగ్గింది. ఎప్పుడూ ఆమే తగ్గింది. తగ్గి తగ్గి ఇప్పుడు ఈ అరుగు అంత ఎత్తుంది.

గాలి ఆగిపోయింది. ఉత్తరాన ఆకాశం సీసం రంగుకి తిరిగింది, కొంగలు నీళ్లని రాసుకుంటూ లోపలికి వస్తున్నాయి. కొట్లలోంచి గుంపు కళ్లు చికిలిస్తూ బయటపడింది. వెనక ఫిదెన్సియో, తెల్ల చొక్కాలో, టోపీ చేత్తో పట్టుకుని. "పడవ సిద్ధంగా ఉంది బాబూ, కాలు జారితే కోట బాధ్యత లేదు, కట్టుకున్నవాళ్లదే!" నవ్వులు. వాళ్లు రేవు వైపు పోయారు. అప్పుడు లంగరు పక్కన ఆమెని చూశాడు. చూసి, హాలు తలుపు వైపు చూశాడు. మళ్లీ ఆమెని. ఆ రెండు చూపుల మధ్యే మనిషి ముసలివాడైపోయాడు.

వచ్చి కొంచెం దూరంలో నిలబడ్డాడు. దబాయిస్తాడని ఎదురు చూసింది. దబాయించు, నేను కాదను, ఇంకెవరో అను, ఇంకో రోజు ఫొటో అను, నమ్మడానికి సిద్ధంగా ఉన్నాను ఫిదెన్సియో, నమ్మించు. గోడ వైపు నుంచి మళ్లీ ఠంగుమంది, అతని కనురెప్పలు అదిరాయి. ఆమె ఆ రెప్పల్నే చూస్తూ అడిగింది.

"కొట్టావా?"

దేన్ని అని అతను అడగలేదు.

"కొట్టలేదు," అన్నాడు. టోపీ కింద పెట్టాడు. "మధ్యలో ఆపకు ఎదెల్, ఆపితే మళ్లీ చెప్పలేను. ఆ ఫొటో తీసినవాళ్లు పుయెబ్లా నుంచి కోట చూడొచ్చినవాళ్లు, పెద్ద కుటుంబం. వాళ్ల ముందే వాడిని అడిగా, మీ అక్కతో నా సంగతి చెప్పరా అని. కార్నివాల్ కదా, నవ్వుతా అడిగితే నవ్వుతా ఒప్పుకుంటాడనుకున్నా. వాడు చేతులు చాచి వాళ్లందరికీ చెప్పాడు. చూడండి బాబూ, ఒడ్డున కూర్చునే ఈ పెద్దమనిషి మా అక్కకి మొగుడవుతాట్ట, నీళ్లలో దిగమంటే లాగూ ముందే తడుస్తుంది వీడికి అని. ముసలాళ్లతో సహా నవ్వారు. ఫొటోలో నేను నవ్వుతున్నానే, అది ఆ నవ్వు. వాళ్లు లోపలికి పోయారు. కడియాల కింద ఇంకో నాణెం మెరుస్తోందని వాడు మళ్లీ దూకాడు. చూస్తుండు పెళ్లికొడకా అని దూకాడు. మర పడవ మలుపు తిరిగింది, ఖాళీ పడవ, పడవవాడు రేడియో మోగించుకుంటా వస్తున్నాడు. నాకు చెయ్యి ఊపాడు. నేనూ ఊపాను. ఎడం చేత్తో. కుడిచేతిలో రాయుంది. కడియం నా మోకాలి పక్కనే ఉంది. కొట్టడానికి బోలెడు టైముంది ఎదెల్. భయపెడదామనుకున్నా అని చాలా ఏళ్లు నాకు నేనే చెప్పుకున్నా. అబద్ధం. నీళ్ల కింద గుండు తెల్లగా పైకి రావడం చూశా. అప్పుడూ కొట్టలా. పడవ వాడి మీదనించి పోయింది, పడవవాడికి చచ్చేదాకా తెలీదు. తర్వాత దిగాను, నడుం లోతు దాకా, మునిగి చేతులతో తడిమాను, దొరకలేదు, ఇంకా లోతుకి పోవడానికి భయమేసింది. వాడన్నది నిజమే. ఇంటికి పోయి నల్ల లంగా కట్టుకున్నా, రాకపోతే ఎక్కడున్నావని అడుగుతారని. అక్కడికొచ్చాక ఆగలా. ఆ ఏడుపు వేషం కాదు. ఒక్కరైనా ఏమైందిరా అని అడిగితే చెప్పేద్దామనే వచ్చా, ఒట్టు. అందరూ చప్పట్లు కొట్టారు. నువ్వొచ్చి నీ శాలువా కొసతో నా ముక్కు తుడిచావు. నువ్వు నన్ను అట్లా చూడటం అదే మొదటిసారి. నోటిదాకా వచ్చిన మాట అక్కడే మింగేశా. చెబితే నువ్వు పోతావ్, చెప్పకపోతే నా దానివవుతావ్ అని ఆ క్షణానే తెలిసిపోయింది నాకు. వాడిని చంపింది కోపంలోనే. నిన్ను చేసుకున్నది మాత్రం కోపంలో కాదు, అన్నీ తెలిసి, చల్లగా ఆలోచించుకునే చేసుకున్నా."